జేమ్స్ రెన్నెల్

మేజర్ జేమ్స్ రెన్నెల్ (డిసెంబరు 3, 1742 - మార్చి 29, 1830) ఆంగ్లేయ భూగోళ శాస్త్రవేత్త, సర్వేయరు, నావికుడు. ఈస్టిండియా కంపెనీ పాలనలోని బెంగాలుకు మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా పనిచేశాడు. భారత భూగోళ శాస్త్ర పితామహుడని ఈయనను పలువురు పేర్కొంటారు. సముద్ర ప్రవాహాల అధ్యయనానికి పునాది వేసినవారిలో కూడా ఈయన ఒకడు.

గంగా, బ్రహ్మపుత్ర, మేఘనా నదులు కలిసి ఏర్పరచిన డెల్టా ప్రపంచంలోని డెల్టాలన్నింటిలోకీ పెద్దది. ఇది నేటి బంగ్లాదేశ్‌లోను, పశ్చిమ బెంగాల్‌లోను వ్యాపించి ఉంది. ఈ ప్రాంతాన్ని రెన్నెల్ 1764 నుండి పడవలపైన, కాలినడకన తిరిగి కొలిచి, 1779లో బెంగాల్ అట్లాస్ పేరుతో పటాలుగా ప్రచురించాడు. నదుల గమనం, తీరరేఖ, లంకలు, అడవులు ఎలా మారుతున్నాయో నేడు ఉపగ్రహ చిత్రాల ద్వారా తెలుసుకుంటున్నాము. అయితే ఈ అవసరానికి ఉపకరించే ఉపగ్రహ చిత్రాలు వరుసగా లభించేది 1972 నుండి మాత్రమే. అంతకు రెండు వందల సంవత్సరాల ముందు ఈ డెల్టా ఏ రూపంలో ఉండేదో చెప్పడానికి రెన్నెల్ పటాలే ముఖ్యమైన ఆధారం. అందువలన ఆయన మరణించి దాదాపు రెండు శతాబ్దాలు కావస్తున్నా, ఆయన కొలతలు పరిశోధకులకు ఇంకా పనికివస్తున్నాయి.

బాల్యం

రెన్నెల్ ఇంగ్లాండులోని డెవన్ ప్రాంతంలో, చడ్లీ అనే ఊరి దగ్గర జన్మించాడు. తండ్రి జాన్ రెన్నెల్ ఆంగ్లేయ సైన్యంలో ఫిరంగి దళపు అధికారి. జేమ్స్‌కు అయిదేళ్ళయినా నిండకముందే తండ్రి యుద్ధంలో మరణించాడు. కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. తల్లి మరల వివాహం చేసుకొన్న తరువాత బాలుని పోషణ భారాన్ని చడ్లీ చర్చి మతాధికారి గిల్బర్ట్ బరింగ్టన్ స్వీకరించాడు. ఈ మతాధికారి కుటుంబంతో రెన్నెల్‌కు ఏర్పడిన అనుబంధం చాలాకాలం నిలిచింది. భారతదేశం నుండి ఈయన వ్రాసిన లేఖలలో అనేకం బరింగ్టన్‌కు వ్రాసినవే. ఈయన జీవిత విశేషాలు చాలావరకు ఆ లేఖల వలననే తెలుస్తున్నాయి.

నౌకాదళంలో

1756లో, తన పదునాలుగవ ఏట, రెన్నెల్ బ్రిటిషు రాజ నౌకాదళంలో మిడ్‌షిప్‌మన్‌గా చేరాడు. అది సప్తవర్ష యుద్ధం మొదలైన సంవత్సరం. 1758లో ఫ్రాన్సు తీరంలోని సెయింట్ కాస్ట్ వద్ద ఆంగ్లేయులు ఓడిపోయిన పోరాటాన్ని ఈయన ఓడపైనుండి చూశాడు. ఆ అఖాతపు పటాన్ని అప్పుడే గీశాడు. అప్పటికి ఈయన వయస్సు పదహారేళ్ళు కూడా లేవు. తీరాన్ని చూసి కాగితంపై పెట్టే అలవాటు ఆ వయస్సులోనే అబ్బింది.

1760లో భారతదేశపు సముద్రాలకు వచ్చి, ఫ్రెంచివారి అధీనంలోని పుదుచ్చేరి ముట్టడిలో పాల్గొన్నాడు. తరువాత నౌకాదళం అనుమతితో కొంతకాలం ఈస్టిండియా కంపెనీ నౌకలో పనిచేసి ఫిలిప్పీన్ దీవుల వైపు ప్రయాణించాడు. ఆ కాలంలో అలెగ్జాండర్ డాల్రింపుల్ అనే ప్రసిద్ధ నౌకా సర్వేయరుతో పరిచయం కలిగింది. యుద్ధం ముగిశాక నౌకాదళంలో పలుకుబడి లేనివారికి పదోన్నతి దుర్లభమని గ్రహించి, 1763లో ఆ కొలువు విడిచి మద్రాసులో కంపెనీ సేవలో చేరాడు.

అదే సంవత్సరం అక్టోబరులో మద్రాసు రేవును పెను తుఫాను తాకింది. రెన్నెల్ ఆధిపత్యంలోని ఓడ అందులోని వారందరితో సహా మునిగిపోయింది. ఆ సమయానికి తాను ఒడ్డున ఉండడం వలన బ్రతికి బయటపడ్డాడు. తరువాత నెప్ట్యూన్ అనే చిన్న నౌకలో వెళ్ళి పాక్ జలసంధిని, పంబన్ కాలువను సర్వే చేశాడు.

బెంగాలు సర్వేయరుగా నియామకం

1764లో రెన్నెల్ కలకత్తా చేరాడు. నౌకాదళంలో తనతో కలిసి పనిచేసిన పాత మిత్రుడొకడు అప్పటికి గవర్నరు వాన్సిటార్ట్‌కు సన్నిహితుడుగా ఉన్నాడు. అతని సిఫారసు వలన ఆ సంవత్సరం ఏప్రిల్‌లో రెన్నెల్ బెంగాలులో కంపెనీ భూములకు సర్వేయరుగా నియమితుడయ్యాడు. సైన్యంలో ఎన్‌సైన్ హోదా కూడా లభించింది. అప్పటికి ఈయన వయస్సు 21 సంవత్సరాలు.

ఈయనకు మొదట అప్పగించిన పని గంగానది ప్రధాన పాయ నుండి కలకత్తాకు సంవత్సరం పొడవునా పెద్ద పడవలు నడవగల దగ్గరి దారిని కనుగొనడం. గంగ నుండి చీలి కలకత్తా మీదుగా పారే హుగ్లీ నదికి ఎండాకాలంలో నీరు సరిగా అందేది కాదు. ఎగువ పాయలు పూడిపోయి సరుకు పడవలు నిలిచిపోయేవి. ఈ సమస్య రెన్నెల్ కాలంతో తీరలేదు. 1975లో పని ప్రారంభించిన ఫరక్కా బ్యారేజి కూడా హుగ్లీకి నీరు మళ్ళించి కలకత్తా రేవును కాపాడడానికి కట్టినదే.

1765లో బెంగాలు, బీహారు, ఒడిషాల దివానీ, అనగా పన్ను వసూలు చేసే అధికారం, మొగలు చక్రవర్తి నుండి కంపెనీకి దక్కింది. దానితో పడవ దారుల కొరకు ప్రారంభమైన సర్వే మొత్తం రాష్ట్రపు సర్వేగా విస్తరించింది. ఏ పరగణా ఎక్కడ ఉన్నది, సైన్యం ఏ దారిన నడవగలదు, ఏ నది ఎప్పుడు దాటవచ్చు అన్న విషయాలు కొత్త పాలకులకు తెలియవలసి వచ్చింది. ఈ పటాలు శాస్త్ర విజ్ఞానానికి ఎంతగా ఉపకరించినా, మొదట గీసినది మాత్రం శిస్తు వసూలుకు, దండయాత్రలకు, వాణిజ్యానికి అన్న సంగతి మరువరాదు.

సర్వే జరిగిన తీరు

రెన్నెల్ ఢాకాను ముఖ్య స్థానంగా చేసుకొన్నాడు. పొడి కాలంలో నదులపై తిరిగి కొలతలు తీసుకోవడం, వానాకాలంలో ఢాకాలో కూర్చొని వాటిని పటాలుగా గీయడం ఈయన పద్ధతి. దిక్సూచితో నది వంపుల దిశను గుర్తించేవాడు. దూరాన్ని నేలపై గొలుసుతోను, దొర్లే చక్రంతోను కొలిచేవారు. నీటిపై పడవ వేగాన్ని, పట్టిన కాలాన్ని బట్టి అంచనా వేసేవారు. క్వాడ్రంట్ అనే పరికరంతో సూర్యుని ఎత్తు చూసి అక్షాంశం కట్టేవాడు. ఎత్తైన స్థలాల నుండి త్రిభుజాల వలయంగా దేశాన్ని కొలిచే పద్ధతి అప్పటికి భారతదేశానికి రాలేదు. ఆ పని 1802లో మద్రాసు సమీపంలో విలియం లాంబ్టన్ ప్రారంభించాడు. చదునైన డెల్టాలో కొండలు ఉండవు కనుక రెన్నెల్ నది వెంట నది, పాయ వెంట పాయ కొలుచుకుంటూ పోవలసి వచ్చింది.

పని జరిగిన పరిస్థితులు కఠినమైనవి. సుందరవనాల మడ అడవులలో పులులు, మొసళ్ళు ఉండేవి. మలేరియా జ్వరాలు తరచు వచ్చేవి. ఈయనతో పడవలు నడిపినవారు, గొలుసు మోసినవారు, ఊళ్ళ పేర్లు, పాయల పేర్లు చెప్పినవారు స్థానికులే. పటాలపై వారి పేర్లు లేవు. కాని ఆ పటాలలోని వేలాది గ్రామనామాలు వారి నోటి నుండి వచ్చినవే.

రెన్నెల్ ఒక్కడే సర్వే అంతా చేశాడనుకోవడం కూడా సరికాదు. ఈయన క్రింద పలువురు సహాయక సర్వేయర్లు పనిచేశారు. తరువాతి కాలంలో లక్నోలో స్థిరపడి, లా మార్టినియర్ పాఠశాలల స్థాపనకు ఆస్తి వ్రాసిన క్లాడ్ మార్టిన్ వారిలో ఒకడు. సముద్రతీరపు రేఖకు కంపెనీ నౌకా సర్వేయరు జాన్ రిచీ చేసిన కొలతలను రెన్నెల్ ఉపయోగించుకున్నాడు.

1765లో రెన్నెల్ బ్రహ్మపుత్రను అస్సాం సరిహద్దు వరకు పరిశీలించాడు. ఆ నది పరిమాణాన్ని, అది వచ్చే దిశను బట్టి టిబెట్టులోని సాంగ్‌పో నదియే బ్రహ్మపుత్ర అయి ఉంటుందని నిర్ధారణకు వచ్చాడు. అప్పటి ప్రసిద్ధ ఫ్రెంచి పటకర్త డాన్విల్, సాంగ్‌పో బర్మాలోని ఇరావతి నదికి పైభాగమని భావించాడు. రెన్నెల్ అభిప్రాయమే సరియైనదని పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట జరిగిన అన్వేషణలు నిరూపించాయి.

1766 దాడి

1766లో కూచ్ బిహార్ ప్రాంతంలో, భూటాను సరిహద్దు సమీపాన సర్వే చేస్తుండగా సాయుధులైన సన్యాసుల దళం ఒకటి రెన్నెల్ బృందంపై దాడి చేసింది. ఆ కాలంలో కంపెనీ అధికారాన్ని ఎదిరించి ఉత్తర బెంగాలులో జరిగిన ఈ పోరాటాలను చరిత్రలో సన్యాసుల, ఫకీరుల తిరుగుబాటుగా వ్యవహరిస్తారు. కత్తి వేట్లకు రెన్నెల్ భుజం ఎముక తెగింది, శరీరంపై అనేక గాయాలయ్యాయి. దగ్గరలో వైద్యుడు లేకపోవడం వలన పడవలో పడుకోబెట్టి రోజుల తరబడి ప్రయాణం చేయించి ఢాకాకు చేర్చారు. బ్రతుకుతాడని ఎవరూ అనుకోలేదు. నెలల చికిత్స తరువాత కోలుకున్నాడు గాని, చేయి పూర్వపు స్వాధీనంలోకి పూర్తిగా రాలేదు. సర్వే పనిని మాత్రం మానలేదు.

సర్వేయర్ జనరల్‌గా

1767 జనవరిలో గవర్నరు రాబర్ట్ క్లైవ్ రెన్నెల్‌ను బెంగాలు సర్వేయర్ జనరల్‌గా నియమించాడు. నేటి భారత సర్వేక్షణ శాఖ తన స్థాపన సంవత్సరంగా 1767నే లెక్కిస్తుంది.

సర్వే కొనసాగుతున్న కాలంలోనే, 1769 - 70లో, బెంగాలులో మహా కరువు వచ్చింది. రాష్ట్ర జనాభాలో మూడవ వంతు వరకు నశించి ఉంటుందని చరిత్రకారులు తరచు అంచనా వేస్తారు. రెన్నెల్ పటాలలో ఊళ్ళు, దారులు, అడవులు ఉన్నాయి గాని, ఆ కరువులో ఖాళీ అయిన ఇళ్ళ లెక్క లేదు. డెల్టా దక్షిణ భాగంలో మాత్రం, పూర్వం అరాకాన్ నుండి వచ్చిన మఘుల దాడుల వలన కొంత ప్రాంతం నిర్జనమైనదని పటంపైనే ఒక సూచన వ్రాశాడు. మనుష్యులు విడిచిన పొలాలు తిరిగి అడవిగా మారిన సంగతి ఆ సూచన వలన తెలుస్తుంది. అందువలన భూ ఆవరణ చరిత్ర వ్రాసేవారికి అది విలువైన ఆధారం.

1772లో కలకత్తాలో జేన్ థాకరేను వివాహమాడాడు. ఈమె ప్రసిద్ధ ఆంగ్ల నవలా రచయిత విలియం మేక్‌పీస్ థాకరే తాతగారికి సోదరి. 1776లో రెన్నెల్‌కు మేజర్ హోదా లభించింది. గాయాల వలన, జ్వరాల వలన ఆరోగ్యం దెబ్బతినడంతో 1777లో, తన 34వ ఏట, పదవీ విరమణ చేశాడు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ సంవత్సరానికి 600 పౌండ్ల పింఛను ఏర్పాటు చేశాడు. స్వదేశానికి వెళ్ళే దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఈ దంపతులకు కుమార్తె జన్మించింది. తండ్రి చివరి గ్రంథాన్ని ప్రచురించినది ఈ కుమార్తెయే.

బెంగాల్ అట్లాస్, గంగా బ్రహ్మపుత్రల వ్యాసం

1778లో లండను చేరిన రెన్నెల్ మరుసటి సంవత్సరమే బెంగాల్ అట్లాస్‌ను ప్రచురించాడు. బెంగాలు, బీహారు ప్రాంతాల పటాలు, ముఖ్య నదుల గమనాలు, గంగా డెల్టాకు ప్రత్యేక పటం ఇందులో ఉన్నాయి. తరువాతి అర్ధ శతాబ్దం పాటు ఈ ప్రాంతానికి ఇదే ప్రామాణికమైన పటసంపుటిగా నిలిచింది.

1781లో రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. అదే సంవత్సరం గంగా, బ్రహ్మపుత్ర నదులను గురించి ఆ సంస్థ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. నదులు డెల్టాను ఎలా నిర్మిస్తాయో, ఎలా కోస్తాయో ప్రత్యక్ష పరిశీలనతో వివరించిన తొలి శాస్త్రీయ రచనలలో ఇది ఒకటి. అందులో ఆయన తెలిపిన ముఖ్యాంశాలు ఇవి:

* వంపు తిరిగిన చోట నది వెలుపలి గట్టును కోస్తుంది, లోపలి వైపు ఒండ్రు పరుస్తుంది. అందువలన వంపు క్రమంగా పెద్దదై, చివరకు నది అడ్డదారి తీసి పాత పాయను విడిచిపెడుతుంది.
* నది మధ్యలో ఇసుక దిబ్బ ఏర్పడి, వరదవరదకూ ఒండ్రు చేరి లంకగా పెరుగుతుంది. ఒక్కొక్కసారి ఒకే వరదలో మాయమవుతుంది.
* వరద నీటి ఎత్తు సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ తగ్గుతుంది.
* గంగలో సెకనుకు పారే నీటిని పొడి కాలంలో 80,000 ఘనపుటడుగులుగాను, నిండు వరదలో 4,05,000 ఘనపుటడుగులుగాను అంచనా వేశాడు.

గోదావరి, కృష్ణ లంకలలో నివసించేవారికి ఇందులోని మొదటి రెండు అంశాలు కొత్తవి కావు. అయితే రైతుకు తరతరాలుగా తెలిసిన ఈ విషయాన్ని కొలిచి, లెక్కకట్టి, పటంపై చూపడం రెన్నెల్ చేసిన పని.

హిందూస్థాన్ పటం

బెంగాలు తరువాత రెన్నెల్ మొత్తం భారతదేశపు పటాన్ని సిద్ధం చేయ పూనుకున్నాడు. 1782లో వెలువడిన ఈ పటానికి వివరణ గ్రంథం 1783లో వచ్చింది. తరువాత 1788, 1792, 1793లలో విస్తరించిన కూర్పులు వెలువడ్డాయి. బెంగాలు వెలుపలి ప్రాంతాలను ఈయన స్వయంగా కొలవలేదు. సైన్యాల నడక దారులు, యాత్రికుల వ్రాతలు, పర్షియన్ గ్రంథాలు, ఇతర సర్వేయర్ల పటాలు సరిపోల్చి ఈ పటాన్ని కూర్చాడు. దక్కను, ఉత్తర సర్కారులు, కోరమాండల్ తీరం కూడా ఇందులో ఉన్నాయి గాని, బెంగాలు డెల్టాకు ఉన్నంత వివరం వీటికి లేదు. పటం మూలనున్న అలంకార చిత్రంలో బ్రాహ్మణులు తమ గ్రంథాలను బ్రిటానియా దేవికి అప్పగిస్తున్నట్లు చిత్రించారు. పటానికీ, పాలనకూ ఉన్న సంబంధం ఈ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది.

తరువాతి జీవితం

లండనులో స్థిరపడిన తరువాత రెన్నెల్ శేష జీవితమంతా భూగోళ శాస్త్రానికే వినియోగించాడు. 1791లో రాయల్ సొసైటీ కోప్లీ పతకాన్ని పొందాడు. ఒంటెల బిడారు రోజుకు ఎంత దూరం నడుస్తుందో లెక్కకట్టి, దాని ఆధారంగా ఎడారి దారుల దూరాలను పటంపై నిర్ణయించవచ్చునని చూపిన వ్యాసానికి ఈ పతకం లభించింది. పశ్చిమ ఆఫ్రికాలో పర్యటించిన ముంగో పార్క్ తెచ్చిన వివరాల ఆధారంగా ఆ ప్రాంతపు పటం తయారుచేశాడు. 1800లో ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ భూగోళ జ్ఞానంపై పెద్ద గ్రంథం వెలువరించాడు.

సముద్ర ప్రవాహాల అధ్యయనం ఈయన చివరి కృషి. ఓడల కప్తానుల దినచర్య పుస్తకాలను దశాబ్దాలపాటు సేకరించి, అట్లాంటిక్ మహాసముద్రంలో నీరు ఏ దిశలో ఎంత వేగంతో ప్రవహిస్తుందో పటాలపై గుర్తించాడు. ఇంగ్లాండుకు నైఋతి దిశలో సిల్లీ దీవుల సమీపంలోని ఒక ప్రవాహానికి ఈయన పేరే నిలిచింది.

మరణం

రెన్నెల్ 1830 మార్చి 29న లండనులో, 87వ ఏట మరణించాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననం చేశారు. లండనులో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే.

ముఖ్య రచనలు

* బెంగాల్ అట్లాస్ (1779)
* మెమొయిర్ ఆఫ్ ఎ మ్యాప్ ఆఫ్ హిందూస్తాన్ (1783, తరువాతి కూర్పులు 1793 వరకు)
* ది జియోగ్రాఫికల్ సిస్టమ్ ఆఫ్ హెరొడోటస్ (1800)
* యాన్ ఇన్వెస్టిగేషన్ ఆఫ్ ది కరెంట్స్ ఆఫ్ ది అట్లాంటిక్ ఓషన్ (1832, మరణానంతరం కుమార్తె ప్రచురించినది)

ఈయన 1764 - 67 నాటి సర్వే దినచర్యలను 1910లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ప్రచురించింది.

రెన్నెల్ పటం తరువాత మారిన నదులు

రెన్నెల్ పటంలో బ్రహ్మపుత్ర నేటి దారిలో కనిపించదు. అది అప్పుడు మధుపూర్ మెరకకు తూర్పున, మైమెన్‌సింగ్ పట్టణం ప్రక్కగా పారి మేఘనలో కలిసేది. తీస్తా నది అప్పుడు దక్షిణంగా పారి గంగను చేరేది. 1787 నాటి పెను వరదలో తీస్తా దిశ మార్చుకొని బ్రహ్మపుత్రలో కలిసింది. తరువాతి దశాబ్దాలలో బ్రహ్మపుత్ర ప్రధాన ప్రవాహం మధుపూర్ మెరకకు పశ్చిమంగా మళ్ళి, జమున అనే పేరుతో గంగలో కలవసాగింది. ఈ మార్పు దాదాపు 1830 నాటికి పూర్తయింది. రెన్నెల్ పటంలో జెనాయి అనే చిన్న ఏరు ఉన్న దారిలో నేడు జమున పారుతున్నది. ఆ నదిపై 1998లో ప్రారంభించిన వంతెన పొడవు 4.8 కిలోమీటర్లు. తన దారి కోల్పోయిన పాత బ్రహ్మపుత్ర సన్నని పాయగా మిగిలింది.

గంగ కూడా మారింది. రెన్నెల్ కాలంలో గంగ, మేఘన వేరువేరు ముఖద్వారాలతో సముద్రంలో కలిసేవి. తరువాత గంగ ప్రధాన పాయ అయిన పద్మ తూర్పుకు మళ్ళి, విక్రమ్‌పూర్ ప్రాంతాన్ని చీల్చుకొని మేఘనలో కలిసింది. ఆ క్రమంలో రాజా రాజవల్లభుడు రాజ్‌నగర్‌లో కట్టించిన భవనాలు నదిలో కలిసిపోయాయి. ఆ పాయకు ప్రజలు కీర్తినాశ అని పేరు పెట్టారు.

అడవి విస్తీర్ణం కూడా అప్పటి వలె లేదు. రెన్నెల్ కాలానికి సుందరవనాలు నేటికంటె ఉత్తరంగా విస్తరించి ఉండేవి. 1829 - 30లో అడవి ఉత్తరపు హద్దును డాంపియర్, హాడ్జెస్ అనే అధికారులు కొలిచి గుర్తించారు. తరువాత ఆ భూములను సాగుకు కౌలుకిచ్చి అడవిని నరికించారు.

ఉపగ్రహ చిత్రాలతో పోలిక

1972 జులై 23న అమెరికా ప్రయోగించిన లాండ్‌శాట్-1 ఉపగ్రహం భూమి ఉపరితలాన్ని క్రమం తప్పకుండా చిత్రించడం మొదలుపెట్టింది. దాని చిత్రంలో ఒక్కొక్క చుక్క సుమారు 80 మీటర్ల నేలకు సమానం. 1982 తరువాతి లాండ్‌శాట్ ఉపగ్రహాలలో ఇది 30 మీటర్లకు, 2015లో ఐరోపావారు ప్రయోగించిన సెంటినెల్-2లో 10 మీటర్లకు తగ్గింది. భారతదేశం 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహాన్ని ప్రయోగించి ఈ రంగంలో ప్రవేశించింది.

ఈ ఉపగ్రహాలు కంటికి కనిపించే కాంతితో పాటు పరారుణ కాంతిని కూడా నమోదు చేస్తాయి. నీరు పరారుణ కాంతిని పీల్చుకోవడం వలన చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పచ్చని ఆకులు ఆ కాంతిని ఎక్కువగా తిప్పి పంపుతాయి. అందువలన నీటికి, నేలకు మధ్య గీతను, అడవికి, పైరుకు, బీడుకు మధ్య తేడాను కంప్యూటరుతో గుర్తించవచ్చు. ఒకే స్థలపు చిత్రాలను సంవత్సరాల వారీగా ఒకదానిపై ఒకటి అమర్చితే ఎక్కడ కోత పడినది, ఎక్కడ మేట వేసినది, ఏ పొలం రొయ్యల చెరువుగా మారినది తెలుస్తుంది.

1990లలో కొందరు పరిశోధకులు పద్దెనిమిదవ శతాబ్దపు పటాలను, తరువాతి నౌకా పటాలను లాండ్‌శాట్ చిత్రాలతో పోల్చారు. మేఘన ముఖద్వారం దగ్గర మొత్తం మీద నేల సముద్రంలోకి పెరిగినదని, పెద్ద నదుల ఒండ్రు అందని పడమటి సుందరవనాల తీరం వెనక్కు తగ్గినదని తేలింది. కోత, మేట రెండూ ఒకే డెల్టాలో జరుగుతున్నాయి. అయితే మొత్తం లెక్కలో నేల పెరిగినంత మాత్రాన ప్రజలకు నష్టం లేదని అనుకోకూడదు. నది కోసివేసినది ఊరున్న నేల, బదులుగా ఇచ్చినది ఉప్పుబురద. అది సాగుకు పనికిరావడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఇందుకు కొన్ని ఉదాహరణలు:

* పాత నోవాఖాలీ పట్టణం ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో మేఘన కోతకు గురియై నదిలో కలిసిపోయింది. తరువాత 1950, 60 దశకాలలో కట్టిన అడ్డుకట్టల వలన ఆ ప్రాంతంలో విశాలమైన కొత్త నేల మేటవేసింది.
* 1970 నాటి తుఫాను తరువాత భారత, బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర సముద్రంలో ఒక చిన్న దీవి బయటపడింది. న్యూ మూర్ అని, దక్షిణ తల్పట్టి అని పిలిచిన ఈ దీవి కొరకు రెండు దేశాలు వాదులాడుకున్నాయి. 2010 నాటికి అది నీట మునిగిపోయినదని ఉపగ్రహ చిత్రాల సాయంతో కలకత్తా శాస్త్రవేత్తలు ప్రకటించారు.
* సందీప్ ద్వీపానికి సమీపంలోని భాషన్ చర్ అనే లంక 2006 ప్రాంతంలో ఉపగ్రహ చిత్రాలలో స్పష్టంగా కనిపించసాగింది. 2020 డిసెంబరు నుండి బంగ్లాదేశ్ ప్రభుత్వం రోహింగ్యా శరణార్థులను అక్కడికి తరలించింది.

పోలికలోని పరిమితులు

పాత పటాన్ని ఉపగ్రహ చిత్రంపై అమర్చడం సులభం కాదు. రెన్నెల్ నిర్ణయించిన అక్షాంశాలు చాలావరకు నమ్మదగినవి. రేఖాంశాలు దూరాల అంచనాపై ఆధారపడినవి కనుక వాటిలో తప్పులు ఎక్కువ. అందువలన పటంలోను, చిత్రంలోను రెండింటిలో ఉండే కదలని గుర్తులను, అనగా పాత కోటలను, ఆలయాలను, మసీదులను, పట్టణాలను ముందుగా ఎంచుకొని, వాటి ఆధారంగా పటాన్ని సరిచేస్తారు. డెల్టాలో అట్టి గుర్తులు తక్కువ. కొన్ని కిలోమీటర్ల తేడా కనిపించినప్పుడు అది నది కదలికయో, కొలతలోని తప్పో విచారించవలసి ఉంటుంది. రెన్నెల్ స్వయంగా తిరిగిన నదుల దగ్గర పటం ఎక్కువ నమ్మదగినది. ఇతరుల వివరాలతో నింపిన చోట్ల తక్కువ.

ఉపగ్రహ చిత్రాలకు కూడా పరిమితులున్నాయి. ఆటు సమయంలో తీసిన చిత్రంలో నేలగా కనిపించిన బురద, పోటు సమయంలో తీసిన చిత్రంలో నీరుగా కనిపిస్తుంది. వానాకాలంలో మేఘాలు అడ్డువస్తాయి. అందువలన పరిశోధకులు సాధారణంగా పొడి కాలపు చిత్రాలనే పోలికకు తీసుకొంటారు. రెన్నెల్ కూడా పొడి కాలంలోనే కొలిచాడు గనుక ఈ విషయంలో రెండింటికీ పొత్తు కుదురుతుంది. మేఘాలను దాటి చూడగల రాడార్ ఉపగ్రహాలు వచ్చిన తరువాత వరదల సమయంలో కూడా నీటి విస్తీర్ణాన్ని గుర్తించడం సాధ్యమైంది.

గోదావరి, కృష్ణా డెల్టాలు

ఇదే పద్ధతిలో తెలుగు ప్రాంతపు డెల్టాలను కూడా అధ్యయనం చేశారు. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలను స్వీకరించి దేశమంతటికీ అందజేస్తున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1965 - 2008 మధ్య 43 సంవత్సరాలలో కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయింది. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడం ఇందుకు ప్రధాన కారణమని వారు తేల్చారు.

ఆ అధ్యయనానికి 1965 నాటి స్థితియే మొదటి మెట్టు. గంగా డెల్టాకు రెన్నెల్ పటాల వలన ఆ మొదటి మెట్టు మరి రెండు వందల సంవత్సరాలు వెనుకకు పోయింది. నది సహజంగా చేసే మార్పు ఎంత, ఆనకట్టల వలన, సముద్రమట్టం పెరుగుదల వలన అదనంగా వచ్చిన మార్పు ఎంత అన్నది వేరుచేసి చెప్పాలంటే అంతటి దీర్ఘకాలపు కొలత అవసరం. డెల్టాలో నివసించే కోట్లాది ప్రజల ఊళ్ళను ఎక్కడ నిలుపుకోవచ్చు, ఎక్కడి నుండి తరలించాలి అన్న నిర్ణయాలు ఈ లెక్కల మీద ఆధారపడి ఉన్నాయి.